నామతర్పణము

జగ్గయ్యపేట పట్టణమునకు చేరువలో ధనబోడు అని జనులు పిలుచు చిన్న గుట్ట యొకటి కలదు. దానిమీద మట్టిపొరలను, పెద్ద యిటుకలను ఒకదానిపై నొకటి పేర్చి, చుట్టును సున్నపురాతి పలకలు తొడిగి నిర్మించిన బౌద్ధస్తూపము, శిఖరభాగమెల్ల నశించి, సుమారు 30 అడుగుల వ్యాసము గల పీఠముగా మాత్రము మిగిలి, నేటికిని నిలిచియున్నది. 1882లో పురావస్తుశాస్త్రజ్ఞుడు జేమ్స్ బర్జెస్ దొర దానిని పరిశీలింప వచ్చునాటికే చుట్టుపట్లవారు పలకలను పెకలించి తమ కట్టడములకు తరలించుకొని పోయియుండిరి. మిగిలినవానిలో ముఖ్యమైన శిల్పములు మద్రాసు మ్యూజియమునకు చేరినవి. అమరావతీ జగ్గయ్యపేట స్తూపములను గూర్చి ఆయన రచించిన గ్రంథము 1887లో వెలువడినది. ఈ సంగతులు చరిత్ర చదువుకొన్నవారికి తెలిసినవే. నేనిచ్చట విచారింపదలచినది వేరొక ప్రశ్న. ఈ గుట్టమీదికి మన పాఠశాలల పిల్లలను, ఋతువునకొక మారైనను, చరిత్రయు ప్రకృతియు నేర్చుకొనుటకై తీసికొనిపోవచ్చునా? స్తూపమెంత శిల్పశోభితమైనను, చితాభస్మమును అస్థిశకలములను భద్రపరచుటకై పుట్టిన కట్టడమే గనుక తుదకు అది యొక సమాధియే. మృతుల నేలపై పసివారిని తిరుగనిచ్చుట అమంగళము కాదా యని అడుగు పెద్దలు మన యిండ్లలో నేటికిని కలరు. వారి ప్రశ్నను తేలికగా త్రోసివేయుట నాకిష్టము లేదు.

ఆ ప్రశ్నకు మూలమైన ఆచారము కేవలము అజ్ఞానమువలన పుట్టినదని నేననజాలను. ఇంట మరణము సంభవించినపుడు పది దినములు ఆశౌచము పాటించుట, కాటికి పోయివచ్చినవారు స్నానము చేసిగాని గడప దాటకుండుట, పసివారిని, గర్భిణులను శవయాత్రకు దూరముగా నుంచుట మొదలగువాని వెనుక రోగభయము కొంత యున్నమాట నిజమే యైనను, అంతకు మించి శోకమునకొక హద్దు కట్టవలెనను కరుణ యున్నది. ఏడ్చువారికి ఏడ్చుటకు తీరిక నిచ్చి, వారిని వ్యవహారమునుండియు శుభకార్యములనుండియు కొన్నాళ్లు తప్పించి, పిదప స్నానముతో వారిని మరల లోకములోనికి పిలుచుకొను ఏర్పాటు అది. అయితే ఆశౌచమునకు దినసంఖ్య యున్నదన్న మాటను మనము మరచుచున్నాము. దూరదేశమున మరణించిన జ్ఞాతి వార్త ఏడాది గడచిన పిమ్మట తెలిసినచో స్నానమాత్రముచేతనే శుద్ధి కలుగునని స్మృతికర్తలే చెప్పియున్నారు. ఏడాదికే అంత సడలిన నియమము పదునేడు వందల యేండ్లకు ఎంత మిగులును? మృత్యువు పచ్చిగాయముగా నున్న నేలకును, కాలము ఆ గాయమును మాన్పి దానిపై గడ్డి మొలిపించిన నేలకును శాస్త్రమే భేదము చూపుచుండగా, మన భయమునకు మాత్రము ఆ వివేకము లేకపోయినది.

ఆ భయమును పిల్లలకు మనమే ఉగ్గుపాలతో పోయుచున్నాము. చీకటి పడిన పిదప ఆ డొంకదారిని పోవద్దనియు, ఆ చింతచెట్టు క్రింద నిలువవద్దనియు, కాటివైపు వ్రేలు చూపవద్దనియు చెప్పి, ఆ నేలను దయ్యములకు విడిచిపెట్టుచున్నాము. కాని ఇదే ప్రాంతమున, వేసవి రాత్రులందు పద్యనాటకము వేయించిన ప్రతి యూరను, బలిజేపల్లి లక్ష్మీకాంతకవి హరిశ్చంద్ర నాటకమాడునపుడు, కాటిసీను వచ్చువరకు నిద్ర నాపుకొని ముందు వరుసలో కూర్చున్నవారు పిల్లలే. పాముకాటున చనిపోయిన లోహితాస్యుని తల్లి మోసికొని వచ్చుటయు, కాటికాపరియైన తండ్రి సుంక మడుగుటయు, ఆ ఘట్టమున పాత్రధారి జాషువాకవి శ్మశానవాటి పద్యముల నెత్తుకొని రాగము సాగదీయుటయు వారు కన్నార్పక చూచిరి. మరునాడు పశువుల కాపరులు ఆ పద్యములనే పొలముగట్లమీద పాడుకొనిరి. అర్ధరాత్రి పెట్రోమాక్సు వెలుగున కల్పిత శ్మశానమును చూపి పసివారిని కంటతడి పెట్టించిన సమాజము, పట్టపగలు నిజమైన పురాతన సమాధిని చూపి వారిచేత ఆలోచింపజేయుటకు జంకవలసిన పని లేదు.

అసలు మరణమును గూర్చిన గొప్ప ప్రశ్న మన వాఙ్మయమున పుట్టినదే యొక బాలుని నోట. కఠోపనిషత్తునందలి నచికేతుడు కుమారుడు. తండ్రి యజ్ఞదక్షిణగా ముసలి యావుల నిచ్చుట చూచి, నన్నెవరికిచ్చెదవని ఆ బాలుడు మరల మరల నడుగగా, తండ్రి కోపించి నిన్ను మృత్యువున కిచ్చితిననెను. పిల్లల ప్రశ్నకు పెద్దల విసుగే సమాధానమైనపుడు, ఆ పిల్లవాడు మృత్యువు వాకిటికి ఒంటరిగా పోవలసివచ్చినదని ఋషి మనకు గుర్తుచేయుచున్నాడని నాకు తోచును. యముని యింట మూడు రాత్రులు అన్నము లేక వేచియున్న ఆ బాలునికి యముడు నూరేండ్లు బ్రతుకు పుత్రపౌత్రులను, ఏనుగులను, గుఱ్ఱములను, బంగారమును ఇచ్చెదననెను. ఇవన్నియు రేపటికుండునవి కావని బాలుడు వానిని త్రోసిపుచ్చెను. పాఠము చెప్పవలసినవాడు మృత్యువే యని తెలిసి, భయపడక ఎదుట కూర్చుండి నేర్చుకొన్నవాడు పసివాడే.

ఈ కథను ధనబోడుమీద చెప్పదగిన కారణమొకటి యున్నది. ఇచ్చట దొరికిన శిల్పములలో మిక్కిలి ప్రసిద్ధమైనది మాంధాత చక్రవర్తి ఫలకము. పొడవైన సన్నని దేహములతో, క్రీస్తునకు పూర్వపు శిల్పరీతిలో చెక్కబడిన ఆ పలకపై, ఛత్రము క్రింద చక్రవర్తి చేయెత్తి నిలిచియుండును. చుట్టును చక్రము, మణి, గజము, అశ్వము, స్త్రీ మొదలగు సప్తరత్నములుండును. పైనున్న మేఘములనుండి చదరపు నాణెములు వానచినుకులవలె రాలుచుండును. బౌద్ధజాతకమున మాంధాత కోరినంతనే రత్నవర్షము కురిసెను. అయినను తృప్తి లేక అతడు స్వర్గమున కేగి ఇంద్రుని సగము సింహాసనము పొందెను. అదియు చాలక పూర్తి సింహాసనమును కోరినంతనే ఆయువు క్షీణించి భూమిపై పడి మరణించెను. ఏ వరములను నచికేతుడు వలదనెనో, ఆ వరములన్నియు లభించియు మాంధాతకు చాలలేదు. ఒక కథ ఉపనిషత్తుది, ఇంకొకటి బౌద్ధులది. కాని పదేండ్ల పిల్లవానికి ఈ రెండింటిని ప్రక్కప్రక్కన చెప్పి, నీవైతే ఏమి కోరుకొందువని యడిగిన ఉపాధ్యాయుడు వేదాంతమున మొదటి పాఠము చెప్పినవాడే.

బుద్ధుడు స్వయముగా తన సమాధిని ఊరిబయట దాచవలెనని కోరలేదు. మీ దేహమునకు ఏ సంస్కారము చేయవలెనని శిష్యుడైన ఆనందు డడిగినపుడు, చక్రవర్తికి చేయునట్లే చేసి, నాలుగు మహాపథములు కలియుచోట స్తూపము నిలుపుడని ఆయన చెప్పినట్లు మహాపరినిర్వాణ సూత్రము తెలుపుచున్నది. అచ్చట పూలమాల యుంచి, నమస్కరించి, మనసును ప్రసన్నము చేసికొన్నవారికి చిరకాలము మేలు కలుగునట. నాలుగు దారులు కలియుచోట అనగా బండ్లు, వర్తకులు, భిక్షువులు, తల్లుల చంకనున్న బిడ్డలు అందరును నడచుచోటు. భయపెట్టుటకు గాక, నడచిపోవువాని మనసును ఒక క్షణము నిలుపుటకు ఏర్పడిన సమాధి యది. ఆ సంప్రదాయమే కృష్ణకు ఇరుప్రక్కలను, భట్టిప్రోలునందు, అమరావతియందు, నందిగామ ప్రాంతమున గుమ్మడిదుర్రునందు, అల్లూరునందు మహాచైత్యములుగా వెలసినది.

ధనబోడునందు దొరికిన, స్తూపమునకు వాకిట నిలుపు ఆయకస్తంభములపై నొక శాసనమున్నది. ఎన్నియో రాజశాసనములు చదివిన పిమ్మట దీనిని చదివినపుడు నా మనసు నిలిచిపోయినది. మాఢరీపుత్రుడైన ఇక్ష్వాకు శ్రీవీరపురుషదత్త మహారాజు రాజ్యము చేయుచున్న 20వ సంవత్సరమున, వర్షాకాలపు 8వ పక్షమున, 10వ దినమున, వెలగిరి గ్రామమందలి బుద్ధభగవానుని మహాచైత్యమునకు తూర్పువాకిట ఐదు ఆయకస్తంభములు ప్రతిష్ఠింపబడెను. ప్రతిష్ఠించినవాడు రాజు కాడు, శ్రేష్ఠియు కాడు. కమ్మకరాష్ట్రమున నడతూరు గ్రామవాసియైన నాకచందుడను శిల్పాచార్యుని కుమారుడు, తానును శిల్పియే యైన సిద్ధార్థుడు. అతడు తన పేరొక్కటియే చెక్కి ఊరకుండలేదు. తల్లి నాగిలని, భార్య సముదని, కొడుకు మూలసిరి, కూతురు నాగబుధనిక, సోదరుడు బుధినకుడు, ఆ సోదరుని భార్య కనిక, వారి కొడుకులు నాగసిరి, చందసిరి, వారి కూతురు సిధథనిక, ఇంతమందిని పేరుపేరున చెప్పి, వీరందరితో కూడి సకలప్రాణుల హితసుఖముల కొరకు ఈ దానము చేయుచున్నానని వ్రాయించెను.

ఐదు స్తంభముల దానపత్రమున ఐదుగురు పిల్లల పేర్లున్నవి. వారిలో ఇద్దరు బాలికలు. సోదరుని కూతురికి పెట్టిన పేరు పెదనాన్నదో చిన్నాన్నదో ఆ సిద్ధార్థుని పేరే, ఆడపిల్ల రూపమున. ఆ ఐదు స్తంభములు బుద్ధుని జీవితమందలి ఐదు ఘట్టములకు గుర్తులని విజ్ఞులు చెప్పుదురు: జననము, మహాభినిష్క్రమణము, సంబోధి, ధర్మచక్రప్రవర్తనము, పరినిర్వాణము. పుట్టుకకొక స్తంభము, మరణమున కొక స్తంభము, రెండును ఒకే వేదికపై, ఒకే యెత్తున. ఆ కంబముల మీద తమ పేర్లు చెక్కబడుచుండగా మూలసిరియు నాగసిరియు ఆ రాతిపొడిలో ఆడుకొని యుండరని ఎవరనగలరు? పసివారికి సమాధిభూమి తగదని మనమీనాడు శంకించుచున్నాము. ఈ సమాధి మీద పసివారిని పేరుపెట్టి పిలిచి కూర్చుండబెట్టినవాడు, ఆ స్తంభములను నిలిపిన తండ్రియే.

ఇంకను కొన్ని శతాబ్దముల పిమ్మట ఇదే చోట నొక బుద్ధప్రతిమను నిలిపినవాడు, నాగార్జునాచార్యుని శిష్యుడైన జయప్రభుని శిష్యుడు చంద్రప్రభుడు. ఇక్ష్వాకుల నాటి శాసనము తండ్రిబిడ్డల వరుసను చెప్పగా, ఆ ప్రతిమ శాసనము గురుశిష్యుల వరుసను చెప్పుచున్నది. చదువు చెప్పుటకు ఈ గుట్ట తగునా యని సందేహించువారికి ఈ మూడు పేర్లు చాలును.

ఇక నా మనసునందున్న ముఖ్యమైన మాట చెప్పెదను. మనుష్యుడు పుట్టుకతోనే దేవఋణము, ఋషిఋణము, పితృఋణము మోసికొని వచ్చునని మన పెద్దలు చెప్పిరి. పితృఋణము కొడుకుల వలనను, శ్రాద్ధతర్పణముల వలనను తీరునందురు. కాని సంతతి లేనివారి ఋణమెవరు తీర్పవలెను? వంశమే తెలియనివారికి, దేశాంతరమున చచ్చినవారికి, వేయేండ్ల క్రిందట మరణించి జ్ఞాతులు గోత్రములు అన్నియు కాలగర్భమున కలసిపోయినవారికి నీళ్లు విడుచువారెవరు? ఈ ప్రశ్న మన పూర్వులకు తట్టకపోలేదు. భీష్ముడు బ్రహ్మచారి, సంతానము లేనివాడు. అందువలన మాఘశుద్ధ అష్టమినాడు ఆయనకు సర్వజనులును తర్పణము విడువవలెనని విధించిరి. నిత్యతర్పణమునందు సైతము, బంధువులకే గాక బంధువులు కానివారికిని తృప్తి కలుగుగాక యని నీళ్లు విడుచు మాట యొకటి కలదు. ఈ విధిని ఏర్పరచినవారి హృదయవైశాల్యమును తలచుకొన్నపుడెల్ల నాకు గౌరవము పెరుగును.

సిద్ధార్థశిల్పికి నేడు వంశము లేదు. ఉన్నను ఆ వంశమువారికే తెలియదు. అతని కొడుకు పేరును, అతని సోదరుని కూతురు పేరును నేటి జగ్గయ్యపేట బాలిక యొకతె, ఆ గుట్టమీద నిలిచి, బ్రాహ్మీలిపిలో ఒక్కొక్క యక్షరమును కూడబలుకుకొనుచు, మూ, ల, సి, రి, అని పైకి చదివినయెడల, అది తర్పణముకాక మరేమి? నీళ్లు లేవు, దర్భ లేదు, మంత్రము లేదు. అయినను మరచిపోబడిన ఒక పేరును బ్రతికియున్న నోరు పలికినది. చరిత్రపాఠమును నేను ఈ విధముననే భావింతును. రాజుల పేర్లును యుద్ధముల తేదీలును పరీక్షకొరకు బట్టీపట్టుట చరిత్ర నేర్చుట కాదు. మనకేమియు కాని యొకని జీవితము వాస్తవమని, వానికిని తల్లియు బిడ్డలును ఉండిరని, వాడును ఒకనాడు ఇదే యెండలో నిలిచెనని మనసున పట్టించుకొనుట చరిత్ర నేర్చుట. అట్లు నేర్చుటకు సమాధిభూమిని మించిన పాఠశాల లేదు. ఏలయనగా అచ్చట ప్రతి వాక్యమునకును దాని క్రింద ఒక మనుష్యుడు సాక్షిగా నున్నాడు.

అంతమాత్రమున పిల్లలను అచ్చట గంటలకొలది మరణచింతతో కూర్చుండబెట్టవలెనని నా యభిప్రాయము కాదు. పిల్లవాని కన్ను మొదట రాతిమీద వ్రాలును, పిమ్మట రాతి సందులోని పురుగుమీద వ్రాలును. ఆ క్రమమును చెరుపరాదు. స్తూపమునకు తొడిగిన పలకల సున్నపురాయి కృష్ణకు ఇరుప్రక్కల పరచుకొన్న పలనాటి రాతిపొరలది. ఎముక గల ప్రాణి యేదియు భూమిపై పుట్టక మునుపే ఇచ్చటనున్న సముద్రపుటడుగున సన్నని బురదగా దిగి గట్టిపడిన రాయి యది. ఆ రాతిపొరలనే నేడు తవ్వి జగ్గయ్యపేట చుట్టునున్న కర్మాగారములు సిమెంటు చేయుచున్నవి. తండ్రి సిమెంటు ఫ్యాక్టరీలో పని చేయు పిల్లవానికి, నీ తండ్రి పొడి చేయు రాయియు, మాంధాతను చెక్కిన రాయియు ఒకే సముద్రపు బిడ్డలని చెప్పినయెడల, వానికి భూగర్భశాస్త్రమును, కళాచరిత్రయు, తన యింటి బియ్యపు కుండయు ఒక్కసారిగా కన్నుల గట్టును.

తొలకరి కురిసిన మరునాడు ఈ మెట్టప్రాంతపు ఎఱ్ఱనేలలమీద ఆరుద్రపురుగు కనబడును. గోరంత దేహమునకు ముఖమలు కప్పినట్లు నిండు ఎఱుపు. వ్రేలితో తాకినంతనే కాళ్లు ముడుచుకొని చచ్చినట్లు పడియుండి, చూచువాడు ఊపిరి బిగబట్టి కొంతసేపు కదలకున్నయెడల ఒక్కొక్క కాలే చాపి మరల నడక సాగించును. దానికి ఎనిమిది కాళ్లు. కనుక అది పురుగని మనమనుచున్నను సాలీడునకు చుట్టము. సంవత్సరమున అధికభాగము నేలలోపలనే యుండి, మొదటి వానకు మాత్రము వెలికివచ్చి, కొన్నాళ్లు తిరిగి, మరల మన్ను చేరును. సమాధిభూమిపై మోకాళ్లూని దానిని చూచుచున్న బాలునకు ఉపాధ్యాయుడు ఏమియు చెప్పనక్కరలేదు. నేలలోనికి పోయినదెల్ల నశించినట్లు కాదన్న ఊహ వాని కంతట వానికే తట్టిన మంచిదే. తట్టకున్నను కొరత లేదు, ఎనిమిది కాళ్లు లెక్కపెట్టుట నేర్చెను గదా.

జనసంచారము తక్కువైన చోటులగుటచేత పాతసమాధులు చెట్టుచేమలకును పిట్టలకును తావులైనవి. దున్నని నేల మనకింక నెక్కడ మిగిలినది? తంగేడు, బలుసు, రేగు, ఉమ్మెత్త, జిల్లేడు అచ్చట చదువవచ్చును. అవి మన పూర్వులకు తెలిసిన మొక్కలు. సర్కారు తుమ్మయు, వయ్యారిభామయు సముద్రములు దాటివచ్చిన మొక్కలు. రాతిమీద నాణెములవలె గుండ్రముగా పరచుకొను బూడిదరంగు శిలావల్కలములు ఏడాదికి వెండ్రుకవాసి పెరుగునవి. కాలము చెక్కియున్న సమాధిరాళ్లమీద వాని వెడల్పును కొలిచి, అవి పెరుగు వేగమును పాశ్చాత్య శాస్త్రజ్ఞులు లెక్కగట్టిరి. మరణతిథి వ్రాసియున్న రాయి ఆ విధమున జీవశాస్త్రమునకు గడియారమైనది.

ధనబోడు ఒకటియే ఈ విద్యకు తావని నేననను. మునేటి యొడ్డున పెనుగంచిప్రోలున తిరుపతమ్మ పేరంటాలు గుడి యున్నది. అడవిలో భర్త గోపయ్యను పులి చంపగా, ఆమె అగ్నిలో ప్రవేశించి దేవతయైనదని జనులు చెప్పుకొందురు. ఏటేట తిరునాళ్లకు బండ్లు కట్టుకొని, నేడు లారీలును బస్సులును ఎక్కి, లక్షలజనము పిల్లాపాపలతో వచ్చును. ఆ యగ్నిప్రవేశమును ఆదర్శముగా పిల్లలకు బోధింపరాదని నేను గట్టిగా నమ్ముదును; ఒక స్త్రీ దుఃఖమును దైవముగా కొలుచుట వేరు, ఆమె చావును మెచ్చుకొనుట వేరు. కాని మరణము జరిగిన చోటనే పిల్లలు రంగులరాట్న మెక్కి కేరింతలు కొట్టుచున్నపుడు ఎవరును అది అమంగళ మనలేదు. ఆచారమే తన భయమును తాను జయించిన చోటది.

క్రైస్తవులు తమ శ్మశానమును సమాధులతోట అందురు. సమాధుల పండుగనాడు కుటుంబములతో వచ్చి, సున్నము కొట్టి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగింతురు. తాత పేరు మనుమడు చదువును. ఇస్లామునందు ప్రవక్త మొదట సమాధుల దర్శనమును నిషేధించి, పిమ్మట అది పరలోకమును స్మరింపజేయునని అనుమతించినట్లు హదీసులు చెప్పుచున్నవి. షబేబరాత్ రాత్రి ఖబరస్తానులకు తండ్రుల వెంట పిల్లలును పోవుదురు. నిషేధము ముందు, అనుమతి వెనుక అను ఈ క్రమము మన ఆశౌచ విధికిని దూరము కాదు.

ఈ ప్రాంతపు శ్మశానములు పిల్లలకు ఇంకొక సత్యమును కూడ చెప్పును. ఉపాధ్యాయుడు దానిని దాచరాదు. మన యూళ్లలో కాటికిని కులమున్నది. ఒకరి కాటికి రోడ్డుండును, ఒకరి శవము ఇతరుల పొలములగుండా మోకాలిలోతు బురదలో పోవలసివచ్చును. నందిగామ ప్రాంతపు రాఘవాపురమున, మాలకులమున పుట్టిన పగోలు వెంకయ్య 1859లో క్రైస్తవ మిషనరీయైన డార్లింగు దొరచేత బాప్తిస్మము పొందినది మొదలు ఈ మెట్టయూళ్లలో అనేక కుటుంబములు ఆ మార్గము త్రొక్కినవి. వారి సమాధులతోటలలో పేరు చెక్కిన సిలువ యెంత చిన్నదైనను, అంతకు మునుపు వారి పూర్వుల కెవ్వరికిని పేరు చెక్కిన రాయి లేదన్నది చరిత్రయే. ఎవరికి రాయి దొరికినది, ఎవరికి దొరకలేదు అని పిల్లలు తామై అడుగుదురు. ఆ ప్రశ్న అడిగిన పిల్లవానిని కసరరాదు.

సముద్రతీరమున బందరునందు డచ్చివారి గోరీలున్నవి. 17వ శతాబ్దమున వర్తకమునకు వచ్చి, జ్వరముల పాలై, తమ దేశము మరల చూడక పోయినవారి పేర్లు, వంశచిహ్నములు ఆ రాళ్లమీద నుబ్బెత్తుగా చెక్కబడినవి. పురావస్తుశాఖ రక్షణలో నున్న ఆ తోటను చూచుటకు ఎచ్చటెచ్చటివారో వచ్చెదరు. బందరు పిల్లలెందరు చూచిరో తెలియదు. లండను నగరమున టవర్ హామ్లెట్స్ శ్మశానము 1841లో తెరచి, 1966లో మూసివేయబడి, చెట్లు క్రమ్ముకొనగా, నేడది ప్రకృతివనముగా రక్షింపబడుచున్నది. చుట్టుపట్ల బడిపిల్లలు అచ్చటికే పోయి సీతాకోకచిలుకలను, సమాధిరాళ్లను చదువుచున్నారు. అమెరికాలో 1831లో స్థాపించిన మౌంట్ ఆబర్న్ శ్మశానమున వసంతకాలమున పిట్టలను చూచువారి గుంపు లుండును. వారు చేయుచున్నారు గనుక మనము చేయవలెనని నేననుట లేదు. మన స్తూపమున్న చోట మన శిల్పి తన బిడ్డల పేర్లు వారికంటె ఎంతో మునుపే చెక్కెను.

ఇచ్చట నన్ను చాలకాలము వేధించిన ఆక్షేపణ యొకటి కలదు. మృతులను మన పాఠమునకు పరికరములుగా వాడుకొనుట న్యాయమా? వారు మనకు పాఠము చెప్పుటకై మరణింపలేదు. వారి యనుమతి మనకు లేదు. ఈ యాక్షేపణలో బలమున్నది. మృతుల గుర్తులను వాడుకొనుట యెట్లుండునో ఈ ప్రాంతపు చరిత్రయే చూపుచున్నది. జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు తన తండ్రి జగ్గయ్యగారి పేర బేతవోలును జగ్గయ్యపేట చేసిన పితృభక్తుడు. ఆయన కాలముననే అమరావతి స్తూపపు రాళ్లు కొత్త కట్టడముల కొరకు పెకలింపబడినవి. 1797 ప్రాంతమున కర్నల్ మెకంజీ అచ్చటికి పోవునప్పటికే త్రవ్వకము మొదలైయుండెను. ఒకరి స్మృతి నిలుపుటకు ఊరు కట్టిన కాలమే వేరొకరి స్మృతిని పునాదిరాయిగా వాడుకొనినది. రాయిని వాడుకొనుటకును, రాతిమీది పేరును చదువుటకును భేదమిదియే. పరికరముగా వాడుకొనువాడు పేరును చెరిపి రాయిని తీసికొనును. చదువువాడు రాయిని అచ్చటనే యుంచి పేరును తీసికొని పోవును. పిల్లలకు ఈ రెండవ మర్యాద నేర్పినయెడల మృతుల ఎడ అన్యాయము జరుగదని నా సమాధానము. సమాధి నెక్కరాదు, రాతిపై గీయరాదు, పూచిన కొమ్మ విరువరాదు, అంత్యక్రియ జరుగుచున్న చోటికి పోనేరాదు.

ఇంకొక జాగ్రత్త కూడ కావలెను. తరగతిలో ఇటీవల తండ్రినో, తోబుట్టువునో పోగొట్టుకొన్న బిడ్డ యుండవచ్చును. రెండేండ్లు నిండని శిశువును దహింపక నేలలోనే యుంచవలెనని స్మృతులు చెప్పుటచేత, ఆ బిడ్డ చిట్టితమ్ముడు ఊరిబయట ఏ గన్నేరుచెట్టు క్రిందనో ఉండవచ్చును. ఉపాధ్యాయుడు ఆ సంగతి ముందుగా తెలిసికొనియుండవలెను. బిడ్డ రాననిన నిర్బంధింపరాదు. వచ్చి, ఏడ్చిన, ఊరడించుటకు తొందరపడి మాట మార్పరాదు. మా తమ్ముని పేరు కూడ ఇట్లు వ్రాయవచ్చునా యని అడిగినయెడల, వ్రాయవచ్చునని చెప్పి పలకయు బలపమును చేతికీయవలెను. నచికేతుని తండ్రి చేయని పని అది.

కార్తికమాసమున మన బడులు పిల్లలను వనభోజనములకు తీసికొనిపోవుట ఈనాటికిని ఉన్న యాచారము. వానలు వెనుకబడి, ఎండ మెత్తబడి, గుట్టలింకను పచ్చగానుండు ఆ దినములలో జగ్గయ్యపేట పిల్లలు ధనబోడునకును, నందిగామ పిల్లలు తమకు చేరువనున్న దిబ్బలకును పోవచ్చును. ఉసిరిచెట్టు లేకున్న వేపచెట్టు నీడ చాలును. నీళ్లబిందె వెంట నుండవలెను. నాగజెముడు పొదలలో చేయి పెట్టరాదని ముందే చెప్పవలెను. శిల్పములు మద్రాసున నున్నవి గనుక పిల్లలు చూచుటకు గుట్టమీద ఒట్టి పీఠమే యున్నది. మాంధాత ఫలకమునకును, సిద్ధార్థుని శాసనమునకును అచ్చులు పోయించి, పురావస్తుశాఖ అనుమతితో గుట్టక్రింద ఒక చావడిలో నిలుపుట పెద్దఖర్చు కాదు. జిల్లాలు విడిపోయి, నందిగామయు జగ్గయ్యపేటయు 2022 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరిన ఈనాడు, కొత్త జిల్లా తన తొలి పనులలో దీనిని చేర్చుకొనిన బాగుండును. ఆ యచ్చుల ప్రక్కన బ్రాహ్మీ అక్షరములకు ఎదురుగా తెలుగు అక్షరములు వ్రాసిన పటమొకటి, పిల్లల కన్నులకు అందు ఎత్తున, కట్టవలెను. శాసనమందలి పేర్లను శిల్పి చెక్కిన వరుసనే, అవ్వ నాగిలని మొదలుకొని చిన్నపిల్ల సిధథనిక వరకు, ఒక్కటియు విడువక దానిపై వ్రాయవలెను.